మీ ఊరి చరిత్రలో లేని ఏడాది

అల్డోనా ఆంటీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. లిథువేనియాలో మీ ఊరికి వెబ్‌సైటు పెట్టారు. మెల్‌బోర్న్‌లో మా ఆఫీసులో తెరిచి చూశాను. ఊరి చరిత్రంతా రాశారు: చెక్క చర్చి, రైలు, కరెంటు, చక్కెర ఫ్యాక్టరీ. మీ పక్కింట్లో రొట్టెలు కాల్చే యూదు కుటుంబం మాత్రం లేదు. నాజీల కాలంలో వాళ్లను చంపడానికి అడవిలోకి నడిపించుకెళ్లిన ఏడాదే లేదు.

ఇక్కడ మెల్‌బోర్న్‌లో మీ ఇంట్లో నేను అద్దెకున్నన్నాళ్లూ, రొట్టె కోసినప్పుడల్లా, "ఆ ఇంట్లో ఇప్పుడెవరు పడుకుంటున్నారో" అనేవారు. వెబ్‌సైటులో పెట్టిన సంత ఫొటోలో ఆ ఇల్లుంది, మీరు చెప్పిన పచ్చ తలుపుతోనే. కిటికీలకు కొత్త తెరలు కట్టారు.

నిరుడంతా నాతో కలిసి కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీలు సరిచేసిన శ్రీను వెనక నుంచి తొంగిచూసి, "ఇంకా డేట్ బగ్సేనా గురూ? వైటూకే అయిపోయిందిగా!" అన్నాడు.

"ఒక ఏడాది మిస్సయింది" అన్నాను.

"ఏ సిస్టమ్‌లో?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.