సున్నం కొట్టిన గోడలు

సుబ్బక్కా,

బేతంచెర్లలో మన అద్దె గదుల వరస చూడటానికి ఇవాళ ఆఫీసరు వచ్చాడు. నువ్వు దగ్గుతూనే గది గదికీ తిరిగి వేలిముద్రలు వేయించిన అర్జీకి ఇప్పటికి కదలిక వచ్చింది. వెనక బండల పాలీషు ఫ్యాక్టరీ నీళ్లకు నానిపోయిన గోడలను ఆయన కళ్లారా చూడాలనే కదా మన పోరంతా.

మనవాళ్లేం చేశారో తెలుసా? సారు వస్తున్నాడని నిన్నంతా పనులు మానుకుని గోడలకు సున్నం కొట్టేశారు. పొద్దున్నే వాకిళ్లలో ముగ్గులు కూడా వేశారు. నువ్వుంటే సున్నం బకెట్లు తన్నేసేదానివి. "బూజు చూపియ్యాల కదమ్మా!" అని నేను నెత్తి కొట్టుకుంటే, "ఇంటికొచ్చే మనిషికి గలీజు గోడలు చూపిస్తామా యాడన్నా?" అని పక్కగది లక్ష్మీదేవి నా మీదికే వచ్చింది.

ఆయన అన్ని గదులూ చూసి, "బాగానే ఉన్నాయి కదమ్మా," అన్నాడు. నాకు వాదించే ఓపిక లేదు. ఆ దగ్గుతోనే నువ్వు పోయాక ఎవరూ అద్దెకు రాక, సున్నం కూడా పడని నీ గది తలుపు తోశాను. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇందులో ఎవరుంటారు?"

"మిమ్మల్ని పిలిపిచ్చిన ఆయమ్మే సార్," అంది లక్ష్మీదేవి.

ఆయన ఆ బూజు గోడను వేలితో గీకి చూశాడు. పోతూ పోతూ, ఆ ఒక్క గదీ బాగు చేయించమని ఓనరుకు చెప్పాడు.

రేపు బేల్దారి మేస్త్రీ వస్తాడంట. నీ గోడ ఆరిపోతుందిలే అక్కా.