మూలిగే మోటారును పైకి లాగించవద్దు

అమ్మాయీ,

బోరు మోటారు స్విచ్చి ముట్టుకోవద్దు. మెయిన్ దింపి ఉంచాను. పైపులు లాగేవాళ్లు వస్తే వెనక్కి పంపించు. అబ్బాయి తొందరపడి రమ్మన్నాడు గానీ, ఆ పాత పైపులను ఒకసారి పైకి లాగితే మళ్లీ దిగేంత సత్తువ వాటికి లేదు.

“మోటారు కాలిపోయింది” అని వాడు తేల్చేసినప్పుడు, “స్విచ్చి వేస్తే మూలుగుతోంది గదా మావయ్యగారూ, చచ్చినవాళ్లెక్కడైనా మూలుగుతారా?” అన్నావు. నీ మాటే నిజమైంది. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూశాడు. లోపలి తీగచుట్ట, అదే వైండింగ్, క్షేమంగా ఉంది. మోటారుకు తొలి ఊపునిచ్చే కెపాసిటర్ మాత్రం గోడమీది స్టార్టర్ పెట్టెలో, అలిగిన మీ అత్తగారి బుగ్గలా ఉబ్బి కూర్చుంది. ఈ పోలిక ఆవిడ చెవిన వేయకు.

కొత్తది కొనడానికి బజారుకు వెళ్తున్నాను. మధ్యాహ్నం ఎలక్ట్రీషియనే వచ్చి బిగిస్తాడు.

నిన్న ట్యాంకులో మిగిలిన ఆఖరి బిందెడు నీళ్లు నేను స్వామికి చేసే అభిషేకానికి ఉంచి, నీ మొక్కలను ఎండగట్టావు. నేను చూడలేదనుకున్నావు.

మరిచాను: నీళ్లు పడగానే మొదటి బిందె వాటికే పొయ్యి. స్వామి కాసేపు ఆగగలడు. ఆ లేత ఆకులు ఆగలేవు.