దత్తత పత్రానికి మూడు ముద్రలు

అబ్బాయీ,

నీ ఉత్తరం చేరింది. అక్క పోయాక నిన్ను దత్తత తీసుకుని పాతికేళ్లు పెంచినా నీకు పిన్నిగానే ఉండిపోయాను. నీ పెళ్లిలో నీ మామగారికి నన్ను దూరపు చుట్టమని చెప్పావు. నేను పుట్టిన దేశం నా కొడుకువైతే నీకు పౌరసత్వం ఇస్తుందని తెలియగానే "అమ్మా" అని రాశావు. అవసరం ఎంతటివాడి చేతనైనా వరస కలిపిస్తుంది.

నువ్వు రాసినట్టే దత్తత పత్రం పట్టుకుని నోటరీ దగ్గరికి, అక్కణ్ణించి విదేశాంగ శాఖ ఆఫీసుకి, చివరికి ఆ దేశపు రాయబార కార్యాలయానికి తిరిగాను. ఒకరి ముద్ర అసలుదేనని ఇంకొకరు ముద్ర వేస్తారు. నా మోకాళ్ల సంగతి నువ్వు అడగలేదు, నేనూ చెప్పను.

చివరి కిటికీ దగ్గర గుమాస్తా ఒకావిడ కాగితాలన్నీ తిరగేసి, "అక్కడ పుట్టింది మీరు కదండీ. మీ హక్కు మీరెప్పుడూ అడగలేదేం?" అంది.

"నాకెందుకమ్మా? మావాడి కోసం వచ్చాను."

"ముందు మీది తేలితేనే ఆయనది చూస్తారు. అయినా, మీకు వెళ్లాలని లేదా?"

అరవై నాలుగేళ్లలో ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. అక్కడే బల్ల మీద కూర్చుని నా దరఖాస్తు నింపాను. నీ పత్రం మూడు ముద్రలతో ఇందులో పెట్టాను. నాది తేలడానికి ఏడాది పడుతుందట. అంతదాకా నీది కదలదు, తొందరపెడుతూ ఉత్తరాలు రాయకు.

నా దరఖాస్తులో, మీ వెంట ఎవరు వస్తారన్న గడిలో "ఎవరూ రారు" అని రాశాను.

ఇట్లు,
చట్టప్రకారం నీ తల్లి