మూల కోసిన స్పాంజి

నేను, తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి ఇన్‌స్పెక్టరుగా విరమించినవాణ్ని, వయస్సు అరవై ఎనిమిది, మతి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసిన చిత్తును చించేశాను. అందులో ఒక పెద్ద తప్పు ఉంది. మతి బాగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేస్తున్నాను. చెవి గురించి ఆయన్ని అడగలేదు. అడగవలసింది.

1. నేనుంటున్న మూడో అంతస్తు ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా, మా ఒక్కగానొక్క అమ్మాయికి చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. దీని మీద ఎవరికీ పేచీ లేదు.

2. స్టూడియో రికార్డింగులకు వాయించే నా భార్యకు నేను కొన్న రెండు బేస్ గిటార్ల (మంద్రస్వరాల గిటార్ల) గురించి కొంత వివరంగా రాయాలి. మొదటిది ఎర్రది, చవకది. పెళ్లయిన ఏడాది కొన్నాను. "ప్రస్తుతానికి ఇది. తర్వాత మంచిది కొంటాను" అన్నాను. ఆ "తర్వాత" ఇరవై ఎనిమిదేళ్లకు గాని రాలేదు. ఈలోగా నా బావమరిది వచ్చినప్పుడల్లా "ఏం బావా, మా అక్క చేతికి ఇంకా ఆ పేడుచెక్కేనా? మీ తూకంలో ఆవిడ అంతేనా?" అని నలుగురిలో అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేను మరిచిపోలేదు. ఆమెకు దక్కవలసిన ధ్వని నా వల్లే దక్కలేదన్న మాట లోపల ఉండిపోయింది.

రెండోది తేనె రంగుది. ఎర్రదాని ధరకు పదకొండు రెట్లు. నేను రిటైరైన నెలలో కొన్నాను. అది వచ్చాక ఆమె స్టూడియోకు రెండూ తీసుకెళ్లేది. రెండెందుకంటే "ఒకదాని తీగ తెగితే ఇంకోటి ఉండాలి కదండీ" అంది. సాయంత్రం రేడియో వార్తలకు ముందు వచ్చే పన్నెండు సెకన్ల సంగీతంలో బేస్ ఆమెదే. అది వినబడినప్పుడల్లా "చూశావా, ఖరీదు ఎలా పలుకుతోందో" అనేవాణ్ని. "మీ చెవికి తిరుగుందా" అని లేచి లోపలికి వెళ్లేది. తొమ్మిదేళ్లు అన్నాను.

3. ఎలుకల బోను పక్కింటి టైలరుకు తిరిగి ఇవ్వాలి. రిటైరయ్యాక మా ఇంట్లో గిన్నెలు తోమే పని నేను తీసుకున్నాను. రెండు మూడు నెలలకోసారి స్పాంజికి ఒక మూల మాయమయ్యేది. ఎలుకల పని అనుకుని ఎనిమిదేళ్లు బోను పెట్టాను. "ఒక్కటీ పడదేం?" అంటే, "మీలాగే డిగ్రీ చదివిన ఎలుకలేమో" అనేది నా భార్య. కోత కత్తెరతో కోసినంత తిన్నగా ఉండేది. ఇన్‌స్పెక్టరును. అదీ గమనించలేదు.

4. ఆమె పోయి పదహారు నెలలు. ఆమె పోయిన ఆ నెలలోనే రెండు గిటార్లూ తుడిచాను. ఎర్రదానికి కింది కొసన, తీగల అడుగున ఏదో మురికి ముక్క ఇరుక్కుని ఉంటే తీసి పారేశాను. మొదటి చిత్తులో తేనె రంగుది అమ్మాయికి, ఎర్రది పాతసామాన్లవాడికి అని రాశాను. వాళ్లమ్మ ధ్వని ఆమెకు దక్కాలని. సంతకం పెట్టేముందు, వాళ్లమ్మ దగ్గర వాయించడం నేర్చుకున్న అమ్మాయిని ఆ రేడియో సంగీతం ఒక్కసారి వాయించమన్నాను.

తేనె రంగుదాని మీద వాయించింది. స్వరాలు అవే. ధ్వని నా భార్యది కాదు. ప్రతి స్వరమూ గంటలా మోగుతూ ఉండిపోయింది. ఎర్రదాని మీదా అంతే. తుడవడంలో ఏదో పాడుచేశాననుకున్నాను. అమ్మాయి దాన్ని తిప్పి చూసి "నాన్నా, అమ్మ ఇక్కడ పెట్టుకునే స్పాంజి ముక్క ఏదీ?" అంది. పారేశానన్నాను. "పారేశావా!" అంటూ వంటింట్లోకి వెళ్లి, స్పాంజి మూల కత్తిరించి తెచ్చి, తీగల కింద దోపింది. "బోను సంగతి నాకూ తెలుసు. చెప్తే ఊరుకోనంది అమ్మ" అంది.

మళ్లీ వాయించింది. స్వరం పుట్టిన చోటే ఆగింది, పొట్టిగా, మెత్తగా. పన్నెండు సెకన్లు నా భార్య ఆ గదిలో ఉంది.

తేనె రంగుదానికి స్పాంజి ముక్క ఎందుకు లేదో అడుగుదామని మర్నాడు స్టూడియో మెట్లెక్కాను. రికార్డింగు ఇంజినీరు చెప్పారు: "అమ్మగారు ఆ కొత్తదానికి ఏనాడూ వైరు తగిలించి వాయించలేదండీ. అదిగో, ఆ గోడకి ఆనించేవారు. 'ఆయన ముచ్చటపడి కొన్నారు, ఇంట్లో వదిలేసి వస్తే చిన్నబోతారు' అనేవారు. మంచిది వాయించొచ్చుగా అని ఒకసారి నేనే అన్నాను. 'మంచిదే వాయిస్తున్నాగా' అన్నారు."

5. తర్వాత నా పద్ధతిలో పరీక్షించాను. రెండింటికీ ఒకే రకం తీగలు, ఒకే కొలత స్పాంజి. అమ్మాయి గదిలో వాయించింది. నేను వంటింట్లో తలుపు మూసుకుని ఏది ఏదో చెప్పాను. ఇరవైసార్లలో తొమ్మిదిసార్లు సరిపోయింది. నాణెం ఎగరేసినా ఒకటి ఎక్కువే వచ్చేది. తేనె రంగుదానికి శ్రుతి త్వరగా దిగదు, ఏడువందల గ్రాములు తేలిక. ఆ మేరకు అది మేలు. వినేవాడికి తేడా లేదు. అన్నేళ్లూ ఆమెకు ఏమీ తక్కువ కాలేదు.

ఆ మధ్యాహ్నం భోంచేసి రెండు గంటలు నిద్రపోయాను. ఆమె పోయాక పగలు నిద్రపట్టడం అదే మొదలు.

6. కాబట్టి ఎర్రది అమ్మాయికి. తేనె రంగుది, పెట్టెతో సహా, నా బావమరిదికి. ఇన్నాళ్లూ నువ్వు దెప్పింది దీనికోసమే కదా, తీసుకో. దాని మీద మీ అక్క గోటి గీత ఒక్కటీ లేదు. ఎందుకో తెలియకపోతే నాలుగో అంశం మళ్లీ చదువు. అద్దాల బీరువాలో పెట్టకు. వాయించు.

7. ఇంజినీరుగారికి ఏదైనా రాయాలనుకున్నాను. సాక్షికి ఏమీ రాయకూడదని లాయరు అన్నారు. ఏదో ఒకటి ఎంచుకోమంటే ఆయన సంతకమే ఎంచుకున్నారు.

8. సింకు కింది అరలో ఆరు కొత్త స్పాంజీలున్నాయి. అవి కూడా అమ్మాయికే. తీగల కింద ముక్క రెండు మూడు నెలలకు గట్టిపడుతుందట. వాటి జోలికి నేను పోను. గిన్నెలు తోముకునేది వేరే ఉంది. దాని మూల నేనే కోసి వాడుతున్నాను. నిండుగా ఉన్నది చేతికి కొత్తగా ఉంటోంది.

రెండు వేల ఇరవై మూడు, ఆగస్టు ఇరవై రెండు, మంగళవారం. పైన రాసినదంతా రెండుసార్లు సరిచూసి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

(సంతకం)
విశ్రాంత ఇన్‌స్పెక్టరు, తూనికలు కొలతల శాఖ

సాక్షులు:
1. (సంతకం) రికార్డింగు ఇంజినీరు
2. (సంతకం) పక్కింటి టైలరు. బోను ముట్టింది.