గాలిని ముద్దాయిగా చేర్చుకొనుట గురించి

రోగుల హక్కుల సలహాదారు గారికి,
మునిసిపల్ కార్యాలయం, రెండో అంతస్తు.

అయ్యా,

విషయం: నా కుమార్తె దున్యా (వయసు పందొమ్మిది) మరణమునకు కారణం బస్సు కిటికీలోంచి వచ్చిన గాలి అని తమరు తేల్చినందున, సదరు గాలిని ముద్దాయిగా చేర్చి విచారణ జరిపించుట, లేనిచో తమ తీర్పును దిద్దుకొనుట గురించి.

నీష్ నగరానికి పోవు రోడ్డు మీద బస్సు నడుపు రాడిసావ్ తోష్కొవిచ్ అను నేను తమ సముఖమునకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. జూన్ నెలలో నా కుమార్తెకు గొంతు నొప్పి, జ్వరం వచ్చినవి. మన పట్టణ ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ స్లావొల్యుబ్ గారు నోరు తెరిపించి చూసి, "ఎర్రబడింది, అంతే. చామంతి టీ తాగు, ఐస్‌క్రీం మానెయ్" అని పంపినారు. ఇందులో నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. గొంతు నొప్పి అందరికీ వస్తుంది, అందరికీ పోతుంది. దున్యాకు కూడా పోయినది. పిల్ల లేచి, తల దువ్వుకుని, పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నది.

2. అటుపిమ్మట జ్వరం తిరగబెట్టినది. ఈసారి మంచం కిర్రుమనేంత వణుకుతో వచ్చినది. మెడ కుడివైపున, చెవి కింద నుంచి భుజం దాకా, వాచి గట్టిపడినది. ఎడమవైపు ఏమీ లేదు. ఈ సంగతి తమరు ప్రత్యేకంగా గమనింపవలెనని ప్రార్థన. మా అమ్మ దెసాంకా వచ్చి చూసి, ఒకే ఒక్క మాట అన్నది: "ప్రొమాయా."

ఈ మాట తమరికి కొత్త కాదు. ఎదురెదురు కిటికీలు తెరిస్తే మధ్యలో దూరే ఆ గాలికి మనవాళ్లు భయపడినంతగా యుద్ధం రోజుల్లో పడిన బాంబులకు కూడా భయపడలేదు. నడుం పట్టేసినా, పన్ను సలిపినా, మూతి వంకరపోయినా, కోడలికి కడుపు పండకపోయినా మనకు దొరికే దోషి అదొక్కటే.

"నిన్న మీ నాన్న బస్సులో కిటికీ పక్కన కూచున్నావా లేదా? నిజం చెప్పు."

"కూచున్నా నానమ్మా. ఉడికిపోతుంటే ఏం చెయ్యను?"

"అదీ సంగతి! మెడకి గాలి కొట్టింది. ఇటు తిరుగు తల్లీ."

మా అమ్మ ప్లమ్ సారా అరచేతిలో పోసుకుని ఆ మెడను రుద్దినది. ఆమె నలభై ఏళ్లు రొట్టెల పిండి పిసికిన మనిషి. పిల్ల కేకలు పెట్టినది. "అరవనీ, పట్టు వదులుతోంది" అన్నది మా అమ్మ. ఆమెకు ఆ పిల్లంటే ప్రాణమని కూడా తమ రికార్డులో చేర్చుకొనవలెను.

3. మరుసటి రోజు అదే డాక్టరు గారి వద్దకు మళ్లీ తీసుకుపోయితిని.

"మళ్లీ ఏమిటమ్మా? ఏదీ, నోరు తెరువు. శుభ్రంగా ఉందే గొంతు!"

"గొంతు తగ్గిపోయిందండీ. మెడ నొప్పి. ఊపిరి తీస్తే ఇక్కడ, ఛాతీలో పొడుస్తోంది."

"ఎలా వచ్చావు ఇక్కడికి?"

"బస్సులోనండీ."

"కిటికీ తీసుందా?"

"తీసే ఉంది."

"మరింకేం!" అని ఆయన నావైపు తిరిగి, "ఇన్నేళ్ల డ్రైవర్‌వి, ఆమాత్రం తెలీదుటయ్యా? ఆడపిల్లని కిటికీ పక్కన కూచోబెడతావా?" అన్నారు.

ఆయన ఆ మెడ మీద చెయ్యి వేయలేదు. రక్తపరీక్ష రాయలేదు. ఆ వణుకు ఏమిటని అడగలేదు. లేచి వెళ్లి తన గది కిటికీ మూసి వచ్చినారు. ఆ రోజు నా కూతురికి జరిగిన వైద్యం అదే.

4. నీష్ పెద్దాసుపత్రికి చేర్చేసరికి పిల్ల పెదవులు నీలంగా ఉన్నవి. అక్కడి డాక్టరమ్మ, నా కూతురికంటే ఎంతో పెద్దది కాదు, వస్తూనే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా?" మెడ మీద రెండు వేళ్లు ఆనించి వెంటనే తీసేసినది. గొంతులో ఉండే క్రిమి గొంతు దాటి మెడ పక్కన ఉన్న పెద్ద రక్తనాళంలోకి దిగుతుందట. అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ తునకలై ఊపిరితిత్తుల్లో పడి చీము పట్టిస్తుంది. ఎక్కువగా దున్యా ఈడు పిల్లలకే వస్తుందట, ఏ జబ్బూ ఎరగని ఆరోగ్యవంతులకే. చాలా అరుదు. పూర్వం బాగా తెలిసిన జబ్బే. మందులు వచ్చాక డాక్టర్లు దాన్ని మరిచిపోయారట. మందు ఉంది. వేళకు పడితే చాలామంది బతుకుతారు.

ఆమె "కాస్త ముందే" అని మొదలుపెట్టి ఆగిపోయినది. మిగతా వాక్యం నేను పూర్తి చేసుకున్నాను, రోజూ పూర్తి చేసుకుంటూనే ఉన్నాను.

"మెడ రుద్దితే ఆ గడ్డ కదులుతుందా అమ్మా?" అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకున్నది. అయ్యా, జవాబు అక్కర్లేకపోయినది.

5. నా ఫిర్యాదుపై తమరు పంపిన అరపేజీ జవాబు ఇట్లున్నది: "రోగి తన ఇష్టప్రకారం తెరిచిన కిటికీ వద్ద కూర్చొని ప్రయాణించినందున, వైద్య సిబ్బంది నిర్లక్ష్యం కనబడుట లేదు." నా బిడ్డను గాలికి వదిలేసినవారు నిర్దోషులు, గాలి దోషి. సరే. అట్లయితే దాన్ని అరెస్టు చేయండి. అది ప్రతిరోజూ మొరావా నది మీదుగా వచ్చి, పట్టణంలో యథేచ్ఛగా తిరుగుచున్నది. దాని ఆచూకీ నేను చూపిస్తాను.

తమ తీర్పు ఊరంతా పాకినది. ఇప్పుడు ఆగస్టు నెలలో జనం కిటికీలు బిగించుకుని నా బస్సులో చెమటతో ముద్దయిపోతున్నారు. "రాడిసావ్ అన్నా, నీ కిటికీ కూడా మూసెయ్యి. ఒక పిల్లని మింగింది చాలదా?" అంటారు. వాళ్లు మంచివాళ్లు, ఓదార్చుతున్నామనే అనుకుంటున్నారు. నా పక్క కిటికీ నేను మూయను.

మా అమ్మ ఒక్కతే తమ జవాబు చూసి తృప్తిపడినది. "నేను మొదటే చెప్పానా లేదారా, గాలేనని? ఇదిగో, మునిసిపాలిటీవాళ్లు కూడా రాశారు" అంటుంది. ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకున్నది. నీష్ డాక్టరమ్మ చెప్పినది నేను ఆమెకు చెప్పలేదు. తమరు తీర్పు దిద్దితే ఆమెకు తెలిసిపోతుంది, తన చేతులు ఏం చేశాయో. ఆ తరువాత ఆ చేతులతో ఆమె ఒక్క రొట్టె కూడా చేయజాలదు. అయినా దిద్దండి.

6. ఎందుకనగా, నేను కోరుకొనునది ఒక్కటే. ఆరోగ్య కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో ఇట్లు రాయించవలెను: గొంతు నొప్పి వచ్చిన వయసు పిల్లలకు, అది తగ్గినా సరే, మళ్లీ వణుకుతో జ్వరం వస్తే, మెడ ఒకవైపు వాచినా నొప్పిపెట్టినా, ఊపిరికి ఛాతీ పొడిచినా, ఇంటికి పంపకండి. కిటికీ సంగతి అడగకండి. పెద్దాసుపత్రికి పంపండి.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించుటకు చిత్తము లేనిచో, చదివినట్లు ఒక ముద్రయినా వేయవలెను.

కిటికీ తెరిచి బస్సు నడుపు,
తమ విధేయుడు,
రాడిసావ్ తోష్కొవిచ్

తా.క.: అయ్యా, ముందు ఇది చదవండి. పైది తరవాత.

అర్జీ ఇద్దామని కింద కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్కడ కాగితాలు తీసుకునే అమ్మాయి నెవెన, మీ ఆఫీసు పిల్లే, ఈ ఎండల్లో కోటు వేసుకుని, మెడకి ఉన్ని శాలువా చుట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి కూచుంది. ముద్ర వేస్తుంటే చెయ్యి వణికింది. ముద్ర వంకరగా పడింది, చూడండి.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బాబాయ్. పోయినవారం గొంతు నొప్పి. అది తగ్గింది, ఇప్పుడు ఇది పట్టుకుంది. గాలి కొట్టింది. మా సార్ పాపం తనే వచ్చి కిటికీలన్నీ మూశారు."

"లే తల్లీ, నా బస్సులో నీష్ వెళ్దాం. ఇప్పుడే."

"అమ్మో, సెలవు సార్ ఇవ్వాలి. సార్ మీటింగులో ఉన్నారు. మీ అర్జీకి నెలరోజుల్లో జవాబు వస్తుంది బాబాయ్, కంగారు పడకండి."

కాగితం వెనక్కి తీసుకుని మీ మెట్ల మీద కూచుని ఇది రాస్తున్నాను. ఆమెతోనే పైకి పంపిస్తాను. ఆమె మెడ చూడండి.

పైన రాసినదంతా కొట్టేయండి. గాలే చంపింది. నా బస్సు కిటికీయే చంపింది. డాక్టరు తప్పు లేదు, మీ తప్పు అసలే లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను. ఆ పిల్లకి నెలరోజుల వ్యవధి లేదు. సెలవు ఇవ్వండి.

బస్సు మీ గుమ్మం ముందే ఉంది. కిటికీలన్నీ మూసేశాను, నా పక్కది కూడా.