దొరసాని రంగు

ప్రియమైన బావకి,

ఫోన్ ఎత్తడం లేదని నీకు కోపంగా ఉంటుందని తెలుసు. కాగితం మీదయితే మధ్యలో ఆగవచ్చు.

మీ చెల్లెలు పోయి ఏడు నెలలయింది. ఆమె గుర్రం దొరసానిని నేనే చూసుకుంటున్నాను. పొద్దున్నే గడ్డి, నీళ్లు, డెక్కల్లో మట్టి గీకడం. మీ చెల్లెలు పక్కన నిలబడితే చాలు, కాలు తనంత తానే ఎత్తేది. నాకయితే మూడుసార్లు బతిమాలించుకుంటుంది. బ్రష్ చేసేటప్పుడు షెడ్డు తలుపులోంచి ఎండ పడుతుంది. ఆ తేనె రంగు ఒళ్లు, తెల్లటి జూలు వెలుగుతాయి. ఆ కాసేపూ మీ చెల్లెలు ఏదో మరిచిపోయి ఇప్పుడే ఇంట్లోకి వెళ్లినట్టు ఉంటుంది. ఇంట్లో మరెక్కడా అలా అనిపించదు.

అందుకే అడుగుతున్నాను. నీ మగగుర్రానిదీ అదే రంగు కదా. రెండూ ఒకటే రంగు కాబట్టి పిల్ల కూడా అదే రంగులో పుడుతుంది. దొరసానికి పదహారేళ్లు నిండాయి, ఇంతవరకూ ఈనలేదు. ఈ వయసులో తొలి కాన్పు ప్రాణం మీదికి రావచ్చని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఈ ఏడు దాటితే అసలు కుదరదనీ చెప్పింది. నేను మొదటి మాట విని రెండో మాట పట్టుకున్నాను.

దొరసాని పోతే ఆ రంగు కూడా పోతుంది. అది తట్టుకోవడం నా వల్ల కాదు. నీ గుర్రం దగ్గరికి పంపమంటావా?

నీ బావ

*

బావా,

నీ జవాబు అందింది. "హిస్టరీ ఎమ్మే చదివినవాడివి, గుర్రాలు కాసుకునే నేను నీకు జన్యువుల సంగతి చెప్పాల్సి వచ్చింది చూడు, కలికాలం" అని మొదలుపెట్టి నాలుగు గళ్లు గీసి పంపావు. ఏడు నెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది. గళ్లు చదివాక పోయింది.

నాకు అర్థమైనది రాస్తాను, తప్పయితే దిద్దు. తేనె రంగు అసలు రంగు కాదు. అడుగున ఉన్నది ఎరుపే. దాన్ని పలచన చేసే జన్యువు ఒకటి తోడైతే తేనె రంగు. రెండు తోడైతే పాల రంగు, నీలి కళ్లు. దొరసానికి ఉన్నది ఒకటే, నీ గుర్రానికీ ఒకటే. పిల్లకి ఇద్దరూ ఇవ్వవచ్చు, ఒకరే ఇవ్వవచ్చు, ఎవరూ ఇవ్వకపోవచ్చు. నాలుగు గళ్లలో రెండే తేనె రంగు. ఒకటి పాల రంగు, ఒకటి ఉత్త ఎరుపు. రంగుకి రంగు జత చేస్తే ఖాయమనుకున్నాను. ఎర్ర గుర్రంతో కట్టించినా ఇదే సగమట.

చివర్లో ఇంకో మాట రాశావు. "నీకు కావాల్సింది రంగే అయితే నా ఎర్ర ఆడగుర్రాన్ని పాలరంగు గుర్రంతో కట్టిస్తాను. నూటికి నూరుపాళ్లూ తేనె రంగే పుడుతుంది. ముసలిదాన్ని కష్టపెట్టడం దేనికి బావా?"

నా మంచికే రాశావు. కానీ అది చదివాక రెండు రోజులు షెడ్డులో తల దించుకునే పని చేశాను. ఆ రంగు మీ చెల్లెలిది కాదు, దొరసానిదీ కాదు. ఎక్కడో ముక్కూ మొహం తెలియని రెండు గుర్రాలు దాన్ని ఖాయంగా ఇవ్వగలవు.

అయినా నాకు దొరసాని పిల్లే కావాలి. ఎందుకో నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

రెండో ఆపరేషనయి ఇంటికొచ్చిన వారానికి, వరండాలో మందులు వేసుకుంటూ మీ చెల్లెలు అంది: "దొరసానిని అన్నయ్య దగ్గరికి పంపుదామండీ. ఓ పిల్ల పుడితే బాగుంటుంది. అందాకా నాకూ ఓ పనుంటుంది." గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి ఆమెకి చెప్పిన గడువు ఆరు నెలలు. ఆ సంగతి నేను ఆమెకి చెప్పలేదు. నేను మనసులో లెక్క వేసి, "ముందు నువ్వు కోలుకో, తర్వాత చూద్దాం" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. "పదకొండు నెలలు ఎక్కువేనా?" అంది.

నేను ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆమెకి ఆ సంగతి అలా తెలిసింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ పూట నేను ఆలోచించింది ఆమె గురించి కూడా కాదు బావా. ఆమె పోయాక ఓ పసిగుర్రంతో నేనొక్కణ్ణీ ఏం చేయాలని.

సగం అవకాశమే అయినా సరే. లారీ పంపు.

నీ బావ

*

బావా,

లారీ ఖాళీగా వస్తోంది. నీ డ్రైవర్ని ఏమీ అనకు, తప్పు నాది. గడ్డిమోపు మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అక్షరాలు సరిగా లేకపోతే సర్దుకో.

దొరసాని మారాం చేస్తుందనుకున్నాను. లారీకి వాల్చిన చెక్క మీద నాలుగడుగుల్లో ఎక్కేసింది. "చూశారా సార్, పెళ్లికూతురికే తొందరగా ఉంది, మీరే బెంగ పెట్టుకున్నారు" అన్నాడు డ్రైవరు. మంచివాడు. దాని కాళ్లకింద గడ్డి సర్దుతూ, "మా బుజ్జిదానికి గుర్రాలంటే పిచ్చండి. మీకు తేనె రంగుదే కావాలట కదా, పెద్దాయన చెప్పారు. ఒకవేళ ఎర్రది పుడితే మాకిచ్చేయండి సార్" అన్నాడు.

"తీసుకుపోవయ్యా" అన్నాను.

అంతే. ఆలోచించలేదు. పాల రంగుదయినా ఆ మాటే అనేవాణ్ణి. దొరసాని ప్రాణానికి తెగించి కనబోయేదాన్ని, ఇంకా కడుపున పడనిదాన్ని, దారిలో దొరికిన గొడుగులా ఇచ్చేశాను.

దొరసానిని తాడు పట్టుకుని దింపేశాను. "నేనేమన్నా తప్పు మాట్లాడానా సార్?" అని అతను రెండుసార్లు అడిగాడు. లేదని చెప్పాను. నమ్మినట్టు లేడు. నువ్వు కూడా చెప్పు.

మీ చెల్లెలి కోరిక తీరుస్తున్నానని నీకు రాశాను, నాకూ చెప్పుకున్నాను. ఇప్పుడు ఆమె అన్న మాట మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుని చూస్తున్నాను. ఓ పిల్ల అంది బావా. ఏ రంగుదో అనలేదు.

నీ బావ