ఓపల్ పోకర్ నేర్చుకున్న మూడు గురువారాలు

లామేసా, టెక్సాస్
మార్చి 6, 1953

ప్రియమైన లూథర్ అన్నయ్యకు,

ఇసుక గాలి తప్ప ఇక్కడంతా క్షేమం. మా ఆయన ఆర్లిస్ పోయి నాలుగు నెలలైనా ఫ్లాయిడ్ మంగలిషాపులో గురువారం మధ్యాహ్నం పేకాట దగ్గర ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. దాన్ని నాకివ్వమన్నాను. ఫ్లాయిడ్, పత్తిమిల్లు డ్యూయీ, పశువుల డాక్టరు హోయ్ట్ మొహమొహాలు చూసుకున్నారు. చివరికి, మూడు గురువారాలు ఆడమన్నారు. పందెం చిక్కుడు గింజలు. ఆఖర్న నా డబ్బాలో గింజలు మిగిలితే కుర్చీ నాది.

నిన్న నాకు మూడు అయిదులు పడ్డాయి. డ్యూయీ రెండు రాజుల్ని పరిచాడు. రాజుల ముందు అయిదులేమిటని నా ముక్కలు బోర్లించి గింజలిచ్చేశాను. ఏది పెద్దదో రాసి పంపు.

నీ చెల్లెలు
ఓపల్

తా.క.: తర్వాత డ్యూయీ నా ముక్కలు తిప్పి చూశాడు. అప్పట్నుంచి నవ్వుతూనే ఉన్నాడు. ఎందుకు?

నాచెజ్, మిసిసిపీ
మార్చి 9

చిరంజీవి ఓపల్‌కు,

నీ ఉత్తరం చదువుతుంటే కాఫీ పొలమారింది. పేకలో రాజుకు మర్యాదలు చేయనక్కర్లేదు. ఒక జత కంటే రెండు జతలు పెద్ద. వాటికంటే ఒకే అంకెవి మూడు. ఆపైన వరస, అంటే అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అలాగ. వరస మీద ఒకే రంగువి అయిదు. దాని మీద ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు. దాని మీద ఒకే అంకెవి నాలుగు. అన్నిటికీ పైన, ఒకే రంగులో వరస.

మీ అన్న
లూథర్

తా.క.: చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు కూర్చోవాలి. మీ పాస్టరుకు చెప్పకు.

లామేసా
మార్చి 13

అన్నయ్యా,

నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని ఆడాను. అయిదూ ఎర్రవి పడ్డాయి. ఒకే రంగు కదా అని ధీమాగా పరిచాను. మూడు ఆఠీన్లు, రెండు డైమన్లు. ఫ్లాయిడ్ చాలా మర్యాదగా నా గింజలు సగం పట్టుకెళ్ళాడు.

ఇంకో ఆటలో ఒక్క జతైనా లేదు. వంతు వచ్చింది కదా అని నాలుగు గింజలు ముందుకు తోశాను. "ఏముంది వదినా?" అని ఫ్లాయిడ్ అడిగాడు. ఉన్నట్టు కూర్చోవడం నావల్ల కాలేదు. "ఏమీ లేదు ఫ్లాయిడ్," అన్నాను. ముగ్గురూ ముక్కలు పడేసి గింజలు నాకు వదిలేశారు.

ఓపల్

తా.క.: నిజంగానే ఏమీ లేదు. చూపిద్దామంటే ఎవరూ అడగలేదు.

నాచెజ్
మార్చి 16

ఓపల్,

పేకలో రంగంటే ఎరుపూ నలుపూ కాదమ్మా. ఆఠీనైతే అయిదూ ఆఠీనే. నిజం చెప్పడం మాత్రం మానకు. నలభై ఏళ్ళు పడవ మీద వంట చేస్తూ ఎందరో ఆటగాళ్ళను చూశాను. ఇంత ఘోరమైన ఎత్తు ఎవరూ వేయలేదు.

లూథర్

తా.క.: మంచి ముక్కలు పడితే మటుకు నోరు మూసుకో.

లామేసా
మార్చి 20

అన్నయ్యా,

మూసుకోలేకపోయాను. నిన్న అయిదూ ఆఠీన్లే పడ్డాయి. డ్యూయీ అడగ్గానే చెప్పేశాను. అతను నమ్మాడు. నమ్మి, సంతోషంగా తన గింజలన్నీ నడిమికి తోశాడు. నేనూ డబ్బా బోర్లించాను. పరిస్తే అతనిది వరస. గింజలు దగ్గరికి లాక్కోబోతుంటే చేయి అడ్డం పెట్టాను.

"వరసే పెద్దది వదినా. ఈ బల్ల మీద పద్దెనిమిదేళ్ళుగా అంతే," అన్నాడు.

నీ ఉత్తరం చూపించాను. హోయ్ట్ లైబ్రరీకి వెళ్ళి ఆటల పుస్తకం తెచ్చాడు. నీ మాటే రైటు. ముగ్గురూ వేళ్ళు మడుస్తూ కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఎవరెవరు అన్యాయంగా ఓడిపోయారో గుర్తుచేసుకుంటున్నట్టున్నారు. కుర్చీ మాత్రం నాకిచ్చారు.

ఓపల్

తా.క.: వాళ్ళకు ఆట నేర్పింది ఆర్లిసేనట. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయనకెవరు నేర్పారో నీకేమైనా తెలుసా?

నాచెజ్
మార్చి 23

చిరంజీవి ఓపల్‌కు,

కూర్చుని చదువు. మీ పెళ్ళయిన మర్నాడు మా పడవ వంటింట్లో బావకు పేక నేర్పింది నేనే. ఆఖరి ఆటలో అతనికి అయిదూ కళావర్లు పడ్డాయి, నాకు వరస. పందెం అతని కొత్త టోపీ. అది నాకు తెగ నచ్చింది. అందుకని వరసే పెద్దదన్నాను. "ఓహో, అలాగా," అని తల మీంచి తీసి ఇచ్చేశాడు. పొద్దున్నే నిజం చెబుదామనుకున్నాను. మీ రైలు అప్పటికే వెళ్ళిపోయింది. తర్వాత ప్రతి క్రిస్మస్ ఉత్తరంలోనూ రాద్దామనుకున్నాను. టోపీ ఈ టపాలోనే పంపుతున్నాను.

తలదించుకున్న మీ అన్న
లూథర్

తా.క.: అది నా తలకు పట్టలేదు. ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు.